ముంబై మీదుగా టికెట్ ఎంచుకున్నదెవరు

చిలకలూరిపేట,
11 ఫిబ్రవరి 2025, మంగళవారం

చిరంజీవి స్తుతికి నాయనమ్మ దీవెనలు.

అందరం క్షేమమని రాసే ముందు ఇంట్లో ఒక్కొక్కరినీ తలుచుకుని సరిచూసుకున్నాను. మీ నాన్నకు మిల్లులో ఈ వారం రాత్రి షిఫ్టు. నిద్ర చాలడం లేదు గానీ ఆకలి తగ్గలేదు. నాకు ఎడమ మోకాలు తప్ప మిగిలిన ఒళ్ళంతా చెప్పిన మాట వింటోంది. కాబట్టి ప్రభువు దయవల్ల క్షేమమనే రాస్తున్నాను. నువ్వూ అలాగే ఉన్నావని అనుకునేదాన్ని, నిన్న నీ ఉత్తరం చివరి పేరా చదివేదాకా.

ఈ రోజే కలం పట్టడానికి కారణం ఆ పేరానే. నువ్వు రాసిన మాటలే మళ్ళీ రాస్తున్నాను, ఒకసారి బయటి మనిషిలా చదువుకో. "అమ్మ మస్కట్ నుంచి నేరుగా బెంగళూరు రావచ్చు. నా దగ్గర రెండు రోజులుండి ఇంటికి వెళ్ళొచ్చు. అది వదిలేసి ముంబై మీదుగా గన్నవరం వస్తోంది. మనుషులు ఏది ఎంచుకుంటారో దాన్ని బట్టే వాళ్ళకు ఏది విలువో తెలుస్తుందన్న మాట మీద మా పనంతా నిలబడింది నాయనమ్మా. అమ్మ ఎంచుకుంది. నాకు అర్థమైంది. మార్చి ఒకటిన నేను ఇంటికి రాను." మూడేళ్ళ తరువాత తల్లి వస్తుంటే రానని రాశావు. ఆమె ఫోను కూడా తియ్యడం లేదని మీ నాన్న చెప్పాడు.

ఇది ఫోనులో మాట్లాడే సంగతి కాదు. ఫోనులో నువ్వు రెండో మాటకే "సరే నాయనమ్మా" అంటావు. ఆ సరేకి అర్థం ఇక పెట్టెయ్యమని. కాగితమైతే చివరిదాకా చదువుతావు. ఆ అలవాటు నేనే చేశాను. అందుకే స్పీడు పోస్టులో పంపుతున్నాను. అయితే వరస తప్పను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు, తరువాత నేను చెప్పాల్సింది.

మోకాలి మాత్రలు వేసుకుంటున్నాను. మానేశానని నీకు చాడీ చెప్పిన మీ నాన్నకు సీసా తెచ్చి చూపించాను. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇంకా పట్టేస్తోంది. మిర్చి ధర అడిగావు. ఈ ఏడు బాగా పడిపోయింది. అమ్మడానికి మనసొప్పక చాలామంది కల్లాల్లోనే కుప్పలు పోసి టార్పాలిన్ పట్టాలు కప్పుకున్నారు. గాలి ఇటు తిరిగిందంటే ఘాటు ఇంట్లోకి వస్తుంది, మీ నాన్న తుమ్ములతోనే నిద్ర లేస్తాడు. నీకు పచ్చడికి తొడిమలు తీసిన కాయలు వేరుగా పెట్టాను.

నీ పని నాకు అర్థమైందా అని అడిగావు. అర్థమైంది, ఇష్టంగా కూడా ఉంది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విమానంలో వెళ్ళడానికి నాలుగైదు దారులుంటాయి. ఒకటి తెల్లవారుజామున, ఒకటి మధ్యాహ్నం. ఒకటి నేరుగా తీసుకెళ్తుంది, ఒకటి మధ్యలో దించి వేరే విమానం ఎక్కిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో ధర. మీరు ఒక్కో దారికీ మార్కులు వేస్తారు. ధర పెరిగితే కోత, గంటలు పెరిగితే కోత, మధ్యలో దిగాల్సి వస్తే పెద్ద కోత. ఆ మార్కులను బట్టి వందమందిలో ఏ దారిన ఎంతమంది పోతారో చెబుతారు. ఏ తప్పుకు ఎంత కొయ్యాలో మీరు ముందుగా నిర్ణయించరు. వేలమంది కొన్న టికెట్లు చూసి, మీ లెక్క వాళ్ళ ఎంపికకు దగ్గరగా వచ్చేదాకా కోతలు సరిచేస్తారు. జీవితమంతా లెక్కల పేపర్లు దిద్దినదాన్ని. పిల్లలు రాసిన జవాబులను చూసి మార్కుల పద్ధతి తయారు చేసుకునే పరీక్షను మాత్రం ఇప్పుడే చూస్తున్నాను.

నువ్వు పంపిన రెండు బస్సుల లెక్క కూడా చేశాను. గుంటూరుకు పోయేవాళ్ళలో సగం మంది బస్సు, సగం మంది షేరు ఆటో ఎక్కుతున్నారనుకుందాం. అలాంటి బస్సునే ఇంకోదాన్ని తెచ్చి వేరే రంగు వేసి పక్కన నిలబెడితే, మీ పాత సూత్రం ప్రకారం ఆటోకు మూడో వంతే మిగులుతుంది. నాకు నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నుంచి చేశాను. సూత్రం అదే చెబుతోంది. రంగు మారితే ఆటో ఎక్కేవాళ్ళు ఎందుకు దిగిపోతారు? మీ నాన్నకు చెబితే, "అయితే ఆటోవాడు వచ్చి రెండు బస్సులకూ ఒకే సున్నం కొట్టి పోతాడు" అన్నాడు. ఆ లోపం తెలిసే మీరు కొత్త సూత్రాలు వాడుతున్నారని రాశావు కనుక సంతోషం.

ఇక నువ్వు కిందటి ఉత్తరంలో నాకు అప్పగించిన పని. మీ సూత్రం మిగతా ఊళ్ళలో సరిపోతూ, గన్నవరంలో ఎక్కేవాళ్ళ దగ్గర తప్పుతోందన్నావు. గల్ఫ్‌కు పోయే మూడు దారులు కాగితం మీద వేసి పంపావు. మొదటిది తెల్లవారుజామున బయలుదేరేది, హైదరాబాదులో కాసేపే ఆగేది, ధర తక్కువ. రెండోది మధ్యాహ్నం బయలుదేరేది, ముంబైలో ఏడు గంటలు కూర్చోబెట్టేది, ధర కూడా ఎక్కువ. మూడోది రోడ్డు మీద హైదరాబాదు దాకా పోయి నేరుగా ఎక్కేది. మీ లెక్కలో మొదటిదే గెలవాలి. మన వైపు వాళ్ళు మాత్రం రెండోది కొంటున్నారు. డబ్బు ఎక్కువ పెట్టి, ఏడు గంటలు కుర్చీలో కూర్చోవడం ఎందుకు? నిజంగా నాకూ అంతు పట్టలేదు. అంతు పట్టని లెక్క చేతికొస్తే నాకు ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఆదివారం చర్చి దగ్గర, సాయంత్రాలు మిల్లు గేటు దగ్గర, ఎదురు వీధిలో హయాత్ పరుపుల దుకాణం దగ్గర, పాస్‌పోర్టు ఉన్నవాళ్ళందరినీ పట్టుకున్నాను.

మొదట రాహుకాలమేమో అనుకున్నాను. పక్కింటి చెంచురామయ్య గారిని అడిగాను. ఆయన కిందటి ఏడాది కూతురి దగ్గరికి దుబాయి వెళ్ళొచ్చారు.

"విమానం గంటతో మాకేం పనమ్మా? ముందురోజు మంచి గంట చూసి నా సంచి తెచ్చి మీ అరుగు మీద పెట్టాను గదా, గుర్తు లేదా? పస్తానం పెట్టడమంటే అదే. నేను ఇంట్లోంచి బయలుదేరినట్టే లెక్క. ఆ తరువాత విమానం రాహుకాలంలో ఎగిరితే ఏంటి, యమగండంలో ఎగిరితే ఏంటి!"

"మా అరుగే ఎందుకండీ?"

"మీ అరుగు మీద పెట్టింది ఎవరూ ముట్టుకోరు. మీరంటే వీధిలో పిల్లులకు కూడా భయం."

కాబట్టి రాహుకాలం కాదు. వాన్ నడిపే బుడేను అడిగితే, అతనికి అనుమానమే లేదు. "భోజనం టీచరు గారూ. మధ్యాహ్నం విమానంలో అన్నం పెడతారని ఆశ."

"నువ్వెప్పుడైనా ఎక్కావా?"

"లేదండీ. అయినా పెడతారు."

వెళ్ళొచ్చినవాళ్ళను అడిగితే పెట్టరట, అమ్ముతారట. మనవాళ్ళు ఇంటి నుంచే పులిహోర కట్టుకుని పోతున్నారు. కాబట్టి భోజనమూ కాదు.

ఇంతలో నాకు విసుగు పుట్టించిన సంగతి ఇంకోటి ఉంది. కాగితం చూపించి "ఇందులో నువ్వు ఏది ఎంచుకుంటావు?" అని అడిగితే ఎవరూ తిన్నగా జవాబు చెప్పరు. జిన్నింగు మిల్లులో పనిచేసే అంకమ్మ చెల్లెలి దగ్గరికి కువైట్ పోవాలనుకుంటోంది. ఆమెతో జరిగింది రాస్తాను.

"ఎవరెవరొస్తన్నారు టీచరు గారూ?"

"ఎవరూ రావడం లేదు. నువ్వొక్కదానివే ప్రయాణం."

"ఒక్కదాన్నే ఎట్టా పోతానండీ?"

"విమానంలో ఒక్కదానివే కదా ఉంటావు?"

"విమానంలో అయితే ఒక్కదాన్నే. విమానం దాకా ఎవరొస్తన్నారు అంటన్నా. ఎవరూ రాకపోవడానికి నేనేమన్నా దిక్కులేనిదాన్నా?"

"అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పు అంకమ్మా."

"మీరు వాన్‌లో ఎవరెవరున్నారో చెబితే గదండీ నేను చెప్పేది!"

నేను కాగితం మీద ఆమె పేరు పక్కన "ప్రశ్న అర్థం కాలేదు" అని రాశాను. అలా ఎంతమందికి రాశానో చివర చూసుకుంటే సగానికి పైగా తేలారు. తరగతిలో సగానికి పైగా పిల్లలు ఒకే లెక్క తప్పు చేస్తే తప్పు లెక్కలో ఉందని నేనే కొత్త టీచర్లకు చెప్పేదాన్ని. అప్పుడు కూర్చుని ఆలోచించాను. వాళ్ళు ప్రశ్న అర్థం కాక అడగలేదు. జవాబు చెప్పడానికి వాళ్ళకు కావలసిన సంఖ్యను అడిగారు. మీ కాగితంలో అది లేదు.

ఇక్కడ ఎవరూ గన్నవరం ఒంటరిగా పోరు స్తుతీ. ఒకళ్ళు విమానం ఎక్కుతుంటే ఎనిమిది మంది, తొమ్మిది మంది వాన్‌లో ఎక్కించడానికి పోతారు. తెల్లవారుజాము విమానమంటే వాన్ అర్ధరాత్రి దాటగానే కదలాలి. ముసలివాళ్ళను లేపాలి, పసిపిల్లలను ఎత్తుకోవాలి, హైవే మీద లారీల మధ్య బుడే కళ్ళు నులుముకుంటూ నడపాలి. మధ్యాహ్నం విమానమైతే పొద్దున టిఫిను తిని కదిలి, పొద్దు గూకేలోపు ఇల్లు చేరతారు. మీ సూత్రం ఎక్కే మనిషి గంటలకే మార్కులు కోసింది. ఎక్కించడానికి వచ్చేవాళ్ళ నిద్రకు ఎంత కొయ్యాలి? వాళ్ళందరినీ కలిపితే రెండో దారే గెలుస్తుంది. నేను వేసి చూశాను.

ఈ సంగతి తేలిన రాత్రి నాకు చిన్నపిల్లలా సంతోషం వేసింది. మీ నాన్నను షిఫ్టుకు పోనివ్వకుండా గుమ్మంలో నిలబెట్టి చెప్పాను. "ఇది తెలుసుకోవడానికి ఇంత తిరిగావా? నన్నడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు. నిన్ను అడిగినప్పుడు ఏది చౌకైతే అదే అన్నావు కదరా అంటే, "నాకు ఎవరొస్తారమ్మా, నువ్వు రావు గదా" అని నవ్వుతూ సైకిలు తీసుకుని పోయాడు. అతను అన్నది నిజమే. ఒకళ్ళు ఎక్కే విమానానికి పదిమంది పోవడం నాకెప్పుడూ దండగగానే కనిపించేది. చాలామందికి ఆ మాట మొహం మీదే చెప్పాను.

అయినా కాగితం మీద తేలిందాన్ని కళ్ళతో చూడకుండా నీకు రాయడం పద్ధతి కాదు. హయాత్ కూతురు నజ్మీన్ నీకు తెలుసు, నా దగ్గరే చదువుకుంది. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి దోహా పోతోంది, మొదటిసారి. కిందటి గురువారం వాళ్ళ వాన్‌లో నేనూ ఎక్కాను. హయాత్, అతని తల్లి, మేనత్తలు, పిల్లలు, కాగితంతో నేను. బుడే నన్ను ముందు సీటులో కూర్చోబెట్టాడు. దారి పొడుగునా నజ్మీన్‌కు జాగ్రత్తలు చెప్పారు. ఆ జాగ్రత్తల్లో ఒకదానికొకటి పొసగనివి చాలా ఉన్నాయి.

విమానాశ్రయంలో టికెట్ ఉన్నవాళ్ళనే లోపలికి పోనిస్తారు. ఇంకా టైముందని బయట నీడ చూసుకుని దుప్పటి పరిచారు. అందరూ తింటుంటే నేను కాగితం తీశాను. "ఈ మధ్యాహ్నం విమానం ఎవరు ఎంచుకున్నారు?" అని అడిగాను.

"నాన్న" అంది నజ్మీన్.

"నేనా? మధ్యాహ్నందే బాగుందని నువ్వేగా అన్నావు!" అన్నాడు హయాత్.

"నానమ్మ వస్తానంటందన్నావని అన్నా. రాత్రిపూట ఆమెను వాన్‌లో కూర్చోబెడితే నడుం పట్టేస్తది గదా."

పెద్దామె అరటిపండు వలుస్తూ ఆగింది. "నేనెప్పుడన్నా వస్తానని? మీ నాన్నే 'అమ్మా, నువ్వు రాకపోతే పిల్ల ఏడుస్తది' అన్నాడు. రాత్రి బండి అయితే నాకు చేతకాదని ఇంట్లో పడుకునేదాన్ని. పట్టపగలు పెట్టారు. ఏం వంక చెప్పను?"

"ఒరేయ్ హయాతూ, పోనీ నీకన్నా ఇష్టమా ఇది?" అన్నాడు బుడే.

"నాకేం ఇష్టం రా? కొట్టు మూసుకుని వచ్చా. తెల్లారుజామునైతే తొమ్మిదింటికి పోయి తెరుచుకునేవాణ్ణి. పిల్ల నిద్ర పాడవుద్దని..."

"నాకు నిద్రెక్కడిది నాన్నా? వారం నుంచి కన్నే మూయలేదు. ఎప్పుడెప్పుడు పోయి పడదామా అని ఉంది."

"అయితే ఈ విమానం నేనే ఎంచుకున్నట్టున్నా" అన్నాడు బుడే. అందరం కడుపులు పట్టుకుని నవ్వాం. నేను కూడా.

తరువాత నజ్మీన్ లోపలికి పోయింది. అద్దాల అవతల పెట్టె లాక్కుంటూ రెండుసార్లు వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. హయాత్ నవ్వు మొహంతోనే ఉన్నాడు గానీ, "ముంబైలో ఏడు గంటలు ఒక్కతే ఏం చేస్తదో" అన్నాడు. ఆ మాటతో నేను కాగితం మీద రాయబోయింది ఆగిపోయింది. ఆ పిల్ల ముందే చేరిపోవాలనుకుంది. ముసలామె ఇంట్లో ఉండాలనుకుంది. తండ్రి కొట్టు తెరవాలనుకున్నాడు. ఒకరి మనసు ఒకరికి బాగా తెలుసనుకుని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరికీ అక్కరలేని విమానానికి ఎక్కువ డబ్బు కట్టారు, ఏడు గంటలు పిల్ల నెత్తిన పెట్టారు. మీ కంప్యూటరులో మాత్రం ఏం పడుతుంది? నజ్మీన్ అనే ప్రయాణికురాలు, ముంబైలో ఎక్కువసేపు ఆగడం ఇష్టపడును. టికెట్ మీద ఒక్క పేరే కదా ఉండేది.

వాన్‌లో తిరిగి వస్తున్నంతసేపూ బుడే మాట్లాడుతూనే ఉన్నాడు. నేను మాత్రం జనవరిలో నేనన్న ఒక మాటనే తిరగేసుకుంటూ కూర్చున్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. దీని కోసమే ఇంత రాశాను.

ముంబై మీదుగా టికెట్ ఎంచుకున్నది మీ అమ్మ కాదు. నేను.

జనవరి పన్నెండు, ఆదివారం. ఆరాధన ముగిసి ఇంటికి వచ్చేసరికి మీ అమ్మ ఫోను. తను పనిచేసే ఆసుపత్రివాళ్ళు టికెట్ ఇస్తున్నారు, రెండు దారులు చూపించారు, సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలంది. "అత్తయ్యా, బెంగళూరుకు నేరుగా ఉందండి. అలా అయితే స్తుతి దగ్గర రెండు రోజులుండి వస్తాను. దానికి సెలవు దొరుకుతుందంటారా?" అని అడిగింది.

నేను "దొరకదు. దాన్ని ఇబ్బంది పెట్టకు. గన్నవరానికే తీసుకో" అన్నాను.

నిన్ను అడగలేదు. నీకు సెలవు దొరుకుతుందో లేదో నాకు తెలియదు. నీ తరఫున జవాబు చెప్పేశాను.  మీ అమ్మ "సరే అత్తయ్యా, మీరెలా అంటే అలా" అంది. మీ నాన్న పక్కనే ఉన్నాడు. "అమ్మా, పిల్లను అడక్కుండా చెప్పేశావేంటి?" అన్నాడు. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాను.

దాన్ని ఇబ్బంది పెట్టకు అన్నమాట నోటి నుంచి వచ్చింది గానీ, నీ ఇబ్బంది గురించి నేను ఆలోచించలేదు. మీ అమ్మ శాంతి వస్తోందని తెలిసిన వారమే నేను బుడేకు మార్చి ఒకటికి వాన్ చెప్పుకున్నాను. చర్చి స్త్రీల సమాజంలో నలుగురిని రమ్మన్నాను. ఎప్పుడూ పోనిదాన్ని, పదిమంది పోవడం దండగని చెప్పినదాన్ని, ఈసారి నేను పోయి గన్నవరంలో బయటికొచ్చే దారి కటకటాల దగ్గర నిలబడి నా కోడలు పెట్టెతో బయటికి వస్తుంటే అందరికంటే ముందు చూడాలనుకున్నాను. మీ నాన్న జ్వరంతో పడుంటే నన్ను లేపకుండా రాత్రంతా కూర్చున్న పిల్ల అది. అక్కడ ఎవరెవరి నాయనమ్మలకో, అత్తలకో సేవ చేసి వస్తోంది. ఎదురు పోవాలనిపించింది. అనిపించినది అనిపించినట్టు చెప్పడం నాకు చేతకాలేదు. నీ సెలవును అడ్డం పెట్టుకున్నాను.

నిన్న నీ ఉత్తరం చదివాక సాయంత్రమే మీ అమ్మకు ఫోను చేశాను. జరిగింది చెప్పాను. ఆమె "అయ్యో, దానికేముందిలెండి అత్తయ్యా" అంది. అలా అంటుందని నాకు తెలుసు.

"నీకు ఏ దారిన రావాలనుంది?" అని అడిగాను.

"ఏదైనా పర్లేదండి."

"ఏదైనా అనకు. ఒకటి చెప్పు."

 అప్పుడు చెప్పింది. "స్తుతి ఉంటున్న చోటు చూడాలనుందండి. అది బెంగళూరు పోయి రెండేళ్ళయింది. వీడియోలో ఎప్పుడు చూసినా ఒకే గోడ కనపడుద్ది. మిగతా గదిలో ఏముందో, మంచం కిటికీ వైపుందో గోడ వైపుందో కూడా తెలీదు."

"ఈ మాట దానితో అనలేదా?"

"సెలవు లేదన్నారు కదా. అడిగితే కాదనలేక మొహమాటపడుద్దని అడగలేదు. ఇప్పుడు ఫోను కూడా తియ్యట్లేదు. బాగా పనుందేమో అనుకున్నా."

నువ్వు కోపంతో తియ్యలేదు. ఆమె పనుందేమో అనుకుంది. చూశావా, ఈ ఇంట్లో కూడా ఎవరి జవాబు వాళ్ళు చెప్పరు.

టికెట్ ఒకసారి మార్చుకోవచ్చట, ఫిబ్రవరి ఇరవై లోపు. వెంటనే మార్చెయ్యమన్నాను. ఒప్పుకోలేదు. "స్తుతి పిలవకుండా ఎలా వెళ్ళనండీ? ఈసారి దానికి ఇష్టమో లేదో తెలియాలి" అంది. నాకు అది న్యాయంగానే తోచింది. అందుకని నేను మార్పించలేదు. నిన్ను ఒప్పిస్తానని కూడా ఆమెకు మాట ఇవ్వలేదు.

ఎంచుకున్నదాన్ని బట్టి మనసు తెలుస్తుందన్న మీ మాటను నేను కొట్టెయ్యడం లేదు. జనవరి పన్నెండున జరిగిన ఎంపిక నిజంగానే ఒక మనిషి మనసును చూపించింది. నువ్వు దాన్ని మీ అమ్మ పేరు మీద రాసుకున్నావు. అది దిద్దుకో. నా పేరు మీద రాసి, నామీద ఎంత కోపం తెచ్చుకుంటావో తెచ్చుకో. అది నాకు రావలసిందే.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం చేతికందిన రోజే మీ అమ్మకు ఫోను చెయ్యి. అక్కడ మనకంటే గంటన్నర వెనక. ఆమె డ్యూటీ మధ్యాహ్నం దిగుతుంది, మన నాలుగు దాటాక చెయ్యి. ఆమె రావాలని నీకుంటే "రా అమ్మా" అని చెప్పు. "నీ ఇష్టం" అని మాత్రం అనకు. ఆ మాటతో మన ఇంట్లో ఎవరి ఇష్టమూ బయటపడదు.

2. సెలవు అడుగు. దొరక్కపోతే ఆ సంగతి నువ్వే ఆమెకు చెప్పు. పగలు నీ గదిలో ఒక్కతే ఉండి సాయంత్రం నిన్ను చూడటం చాలునో కాదో ఆమె చెబుతుంది.

3. టికెట్ మార్చమని ఆసుపత్రి ఆఫీసులో అడగాల్సింది ఆమె. ఇరవయ్యో తారీఖు గుర్తు చెయ్యాల్సింది నువ్వు. ఆమె తన పని కనుక వాయిదా వేస్తుంది.

4. నీ ప్రశ్నపత్రం మార్చు. "ఏది ఎంచుకుంటారు?" అనే ముందు, "మిమ్మల్ని ఎక్కించడానికి ఎవరెవరు వస్తున్నారు?" అని అడుగు. తరువాత, "వాళ్ళను అడిగారా?" అని అడుగు. కొత్త కాగితాలు పంపితే అంకమ్మతో మొదలుపెడతాను. ఆమెకు నేను మార్కులు బాకీ ఉన్నాను.

5. గది ఊడ్చి ఉంచు. వచ్చేది నర్సు. మంచం కిందే ముందు చూస్తుంది.

6. ఆ రెండు రోజులూ మీ ఇద్దరివి. నేను ఫోను చెయ్యను, మీ నాన్నను కూడా చెయ్యనివ్వను. మార్చి మూడు, సోమవారం, మీ ఇద్దరికీ బెంగళూరు నుంచి గన్నవరానికి టికెట్లు తీయి. మధ్యాహ్నం దిగేది చూసి తీయి, ధర కొంచెం ఎక్కువైనా సరే. వాన్‌లో వచ్చేవాళ్ళ నిద్ర కోసం చెబుతున్నానని అనుకోకు, నా మోకాలి కోసమని మీ అమ్మకు చెప్పకు. వెలుతురులో మీ ఇద్దరూ బయటికి నడిచి రావడం నాకు చూడాలని ఉంది. నన్నెవరూ అడగలేదు కనుక నేనే చెబుతున్నాను.

ఇట్లు,
గన్నవరంలో కటకటాల ఇవతల నిలబడి ఉండే
నీ నాయనమ్మ,
ఎస్తేరు కరుణమ్మ